నిలబడి వెళ్ళే కారు

మా ఆయన కట్టిన కారు గురించి ఈ ఊళ్ళో ప్రతివాడికీ ఒక అభిప్రాయం ఉంది. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని, అది నా ఒంటి కొలతలకి కట్టిన బండి అని. అయినా అన్నీ తెలిసినవాళ్ళకి చెప్పడమూ, చెవిటివాడి ముందు శంఖం ఊదడమూ ఒకటే.

ముందు నా సంగతి చెప్పాలి, లేకపోతే బండి సంగతి అర్థం కాదు. నా తుంటి కీళ్ళు రెండూ బిగుసుకుపోయాయి. నిలబడగలను, పడుకోగలను, పొట్టి అడుగులు వేసుకుంటూ ఇంట్లో తిరగగలను. కూర్చోలేను. నడుము దగ్గర మడత పడదు, అంతే. మనిషికి కూర్చోవడం ఎంత అవసరమో కూర్చోగలిగినవాళ్ళకి తెలియదు. బస్సంటే కూర్చోవాలి, ఆటో అంటే కూర్చోవాలి, ఒకళ్ళింటికి వెళితే ముందు కుర్చీ జరుపుతారు. "అదేంటమ్మా, నిలబడే ఉన్నారు, కూర్చోండి" అనని మనిషి లేడు. మొదట్లో జబ్బు సంగతంతా చెప్పేదాన్ని. ఇప్పుడు "కూర్చుంటే ఒళ్ళొస్తుందండీ" అని ఊరుకుంటాను.

మా ఆయన వడ్రంగి. గుమ్మాలూ, తలుపులూ, కిటికీలూ చేస్తూ బతికిన మనిషి. ప్లాస్టిక్ తలుపులొచ్చాక కొత్త పనులు తగ్గి, ఇప్పుడు పాతవాటిని చిత్రిక పట్టడం, ఊడినవి బిగించడం చేస్తున్నాడు. నోట్లో నాలుక లేదు. ఏమడిగినా "చూద్దాం" అంటాడు. ఇల్లు తగలబడుతోందయ్యా అన్నా చూద్దాం అంటాడని మా అక్క వెక్కిరిస్తుంది. వీధిలో ఆయన్ని చూద్దాం మేస్త్రి అనే పిలుస్తారు. కానీ నా కీళ్ళు బిగిశాక, నేనేమీ అడక్కుండానే, ఇంట్లో ఒక్కొక్క వస్తువూ నా ఎత్తుకి లేచింది. వంటగట్టు లేచింది. నిలబడి తినడానికి గోడకి ఒక పలక వచ్చింది. కిటికీ దగ్గర ఒక వాలుబల్ల వచ్చింది. అంటే గోడకి ఏటవాలుగా నిలబెట్టిన చెక్క. దానికి వీపు ఆనించి నడుముకి బెల్టు పెట్టుకుంటే కాళ్ళ మీద బరువు సగం తగ్గిపోతుంది. నేను బియ్యం ఏరేదీ, కునుకు తీసేదీ, వీధిలో వాళ్ళ మీద నోరు పారేసుకునేదీ ఆ బల్ల మీంచే. ఆ కిటికీలోంచి మా పెరడూ, పెరట్లో ఆయన పనిచేసే రేకుల షెడ్డూ, దాని పక్కన కాస్త వీధీ కనపడతాయి. నా లోకం అంతే.

మా అక్క ఊరికి ఆ చివర ఉంటుంది. అమ్మ పోయాక నన్ను పెంచింది అదే. బావకి పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. పక్కింటావిడ కాసేపు కూర్చుంటే అక్క మందుల కొట్టు దాకా వెళ్ళి వస్తుంది, అంతకన్నా దూరం కదలలేదు. నేను వెళ్ళలేను. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటాం. కానీ ఫోన్లో గొంతు వస్తుంది, మనిషి రాదు.

ప్రయత్నించలేదా అంటే, అన్నీ అయ్యాయి. ఒకసారి అంబులెన్సులో పడుకుని వెళ్ళాను. అక్కావాళ్ళ సందులో ఆ బండి ఆగీ ఆగగానే జనం మూగారు. ఎవరో ఆవిడ ఏడుపు కూడా మొదలుపెట్టింది. లోపల మంచం మీద బావ తన కోసమే వచ్చిందనుకుని హడలిపోయాడు. "నీకు దండం పెడతాను, ఇంకెప్పుడూ ఆ బండిలో రాకే" అంది అక్క. ఇంకోసారి సామాన్లు వేసుకెళ్ళే ట్రాలీ వెనక నిలబడి బయల్దేరాను. మొదటి మలుపులోనే దుంగ పడ్డట్టు పడ్డాను, చెయ్యి విరిగింది. ఆ కట్టు విప్పించిన కొన్నాళ్ళకి మా ఆయన ఆ కారు తెచ్చాడు.

కారంటే కారు కాదు. ఎవరిదో పాత గోదాము దూలాలు దింపే పనికి వెళితే, మూలన ఒక తాతలనాటి బండి కనపడిందట. పైన రేకంతా తుప్పు తిని జల్లెడైపోయింది. కింద ఇనపచట్రం, చక్రాలు, ఇంజను మాత్రం మిగిలాయి. "తీసుకుపో మేస్త్రీ, నాకు చోటు ఖాళీ అవుతుంది" అన్నాడట గోదాము యజమాని. నేను చూసి, "ఇంట్లో పనికిరానిది నేనొకదాన్ని చాలలేదా" అన్నాను. ఆయన నవ్వలేదు. సుద్దముక్క తెచ్చి నన్ను గోడకి ఆనించి నిలబెట్టాడు. మడమ నుంచి మెడ దాకా, భుజం నుంచి భుజానికీ గీతలు గీశాడు.

"ఏమయ్యా, గుమ్మానికి కొలత తీస్తున్నావా, నాకా?" అన్నాను.

"రెండిటికీ ఒకటే. మనిషి పట్టాలి" అన్నాడు.

ఇంజను సంగతి పక్కసందులో మెకానిక్కు చూసుకున్నాడు. బాడీ అంతా మా ఆయనే. కూల్చేసిన పాత ఇళ్ళ తలుపులూ ద్వారబంధాలూ ఏరి తెచ్చాడు. అన్నీ మన పుట్టుకకి ముందు కోసిన టేకు. బందులు ఊడదీసిన చోట బెజ్జాలుంటే చెక్కముక్కలు చెక్కి పూడ్చాడు. ఇనప మేకు ఒక్కటీ కొట్టలేదు. "మేకు తుప్పు పడుతుంది. చెక్కని చెక్కే పట్టుకోవాలి" అంటాడు. మొదటి నుంచీ ఆయన పద్ధతి అది. గుమ్మమైనా, బల్లైనా, చెక్కలో చెక్క దూర్చి, చెక్కమేకుతోనే బిగిస్తాడు.

అయ్యాక చూస్తే బీరువాకి చక్రాలు పెట్టినట్టుంది. వెనక రెండు రెక్కల తలుపు, కిందికి దిగే పలక, దాని మీద నేను మెల్లగా నడిచి ఎక్కొచ్చు. లోపల వాలుబల్ల, బెల్టు. నా మొహం ఎత్తులో పక్క కిటికీ. ముందు కూర్చుని నడిపే ఆయనతో మాట్లాడటానికి ఒక చిన్న జరుపుడు కిటికీ. మొదటిరోజు ఎక్కి బెల్టు పెట్టుకుంటే వీపంతా ఆ చెక్కకి అతుక్కుపోయింది. వీధి చివరి దాకా వెళ్ళాం. ఇస్త్రీ కొట్టు దాటింది, పిండిమర దాటింది, ఎన్నేళ్ళుగానో చూడని గోడలన్నీ నా పక్కనుంచి వెనక్కి పోయాయి. నాకు ఏడుపాగలేదు. "అక్కావాళ్ళింటికి పోనియ్" అన్నాను. ఆయన కూడా పోనిచ్చేవాడే. మెయిన్ రోడ్డు మీద పోలీసు ఆపాడు.

అక్కణ్ణుంచి బ్రేకు ఇన్‌స్పెక్టరు దగ్గరికి. చెడ్డవాడేం కాదు పాపం, బండి చుట్టూ తిరిగి చూశాడు. "ఇంజను కాగితాలు సరే. బాడీ మాటేంటి? పాతకాలంలో బాడీలు విడిగా కట్టించుకునేవారట. ఇది అప్పటిదే అయితే పాత బండి కింద వదిలేస్తాను. ఇంట్లో కట్టుకున్నదైతే విరగ్గొట్టించాలి, రూలు అంతే. ఏదన్నది తేల్చాల్సింది పాత కార్ల సంఘం వాళ్ళు" అన్నాడు. మా ఆయన మామూలుగానే చూద్దాం అన్నాడు. తప్పంతా అక్కడుంది. ఆయన మనసులో మాట నాకు తెలుసు. తెలిసినవాళ్ళు కదా, వచ్చి చూస్తే ఎవరు కట్టారో వాళ్ళకే తెలిసిపోతుంది, ఎందుకు కట్టానో కూడా తెలిసిపోతుంది, జాలిపడి ఏదో దారి చూపిస్తారు అని. మనం నిజం చెప్పక్కర్లేదు, పని చెబుతుంది అన్న నమ్మకం ఆయనది. వడ్రంగుల్లో మంచివాళ్ళకి ఈ జబ్బు ఉంటుంది.

వచ్చారు. ఆదివారం పూట నాలుగైదు పాత కార్లు మా వీధిలో వరసగా ఆగాయి. సంఘం పెద్ద దిగాడు, నెత్తిన టోపీ, ముందు పొట్ట, వెనక ఆయన. ఆయనతో ఒక పళ్ళ డాక్టరు, ఒక లాయరు, మెళ్ళో కెమెరా వేసుకున్న ఒకావిడ. నేను కిటికీలో నా బల్ల మీద ఉన్నాను. బండి నాకు పిలుపు దూరంలో ఉంది. ప్రతి మాటా వినపడింది.

పళ్ళ డాక్టరు జేబులోంచి సన్నటి ఇనపకొక్కెం తీసి, చెక్క మీద అక్కడక్కడా తట్టి చూశాడు. పుచ్చిపళ్ళు వెతుకుతున్నాడేమో అనుకున్నాను. "మేకులేవండీ? ఒక్క మేకూ లేదు. ఈ అతుకు చూడండి. ఇలాంటి పని చేసేవాడు ఇవాళ ఎక్కడా బతికిలేడు" అన్నాడు. బతికున్నవాడు ఆయన పక్కనే నిలబడి ఆ కొక్కెం గీతలు పడుతున్న చెక్కను చూస్తున్నాడు.

"చెక్క వందేళ్ళనాటిది, అందులో సందేహం లేదు" అన్నాడు సంఘం పెద్ద. బందుల బెజ్జాలు పూడ్చిన చోట వేలు పెట్టి, "ఇక్కడ లాంతరు ఉండేది" అన్నాడు. అది ఎవరి పడగ్గది తలుపుదో, గడియ ఊడదీసిన బెజ్జం. లాయరు ఒప్పుకోలేదు. "లాంతరు కాదు, గంట. ఇది శవాల బండి" అన్నాడు.

"శవాన్ని నిలబెట్టి తీసుకెళతారా?" అంది కెమెరా ఆవిడ.

"చెప్పలేం. ఒక్కొక్కళ్ళ పద్ధతి ఒక్కొక్కటి."

"నా ఉద్దేశంలో ఇది ఫోటోగ్రాఫరు బండి. పైకప్పు అంత ఎత్తెందుకు? పాతకాలం కెమెరా నిలబెట్టుకోడానికి."

"కాదండీ, నిలువుటద్దాలు మోసే బండి" అన్నాడు పళ్ళ డాక్టరు.

తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఇంకొకడు. గంటసేపు అలా సాగింది. ఆఖరికి సంఘం పెద్ద లోపలికి తొంగి వాలుబల్లా బెల్టూ చూసి, టోపీ తీశాడు. "ఇప్పుడు తెలిసింది. ఇది ఎవరో పెద్దమనిషి నిలబడి జనానికి కనపడుతూ, దండాలు అందుకుంటూ వెళ్ళే బండి. ఇలాంటిది ఇంకొకటి లేదు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. జన్మలో నాకెవరూ దండం పెట్టలేదు.

"మేస్త్రిగారూ, ఇది మీ చేతికెలా వచ్చింది?" అని అడిగాడు పెద్ద.

"గోదాములో ఉంది" అన్నాడు మా ఆయన. అబద్ధం కాదు. నిజమూ కాదు. అంటూ కిటికీ వంక చూశాడు. నేను నోరు మూసుకున్నాను. నేనే కట్టానంటే విరగ్గొడతారు, నాకేం తెలీదంటే రోడ్డెక్కుతుంది. ఆ ఒక్క ఆదివారం ఊరుకుంటే చాలు, వచ్చే ఆదివారానికి అక్క దగ్గరుంటాననుకున్నాను.

ఇల్లలకగానే పండగయిందా? సంఘం నుంచి కాగితం వచ్చింది. ఆ బండి అపురూపమైన పాత బండి అనీ, విరగ్గొట్టకూడదనీ, సంఘం దాన్ని కనిపెట్టుకుని ఉంటుందనీ రాశారు. రోడ్డెక్కొచ్చు. ఎప్పుడు? ఏడాదికోసారి, సంఘం వాళ్ళ ఊరేగింపులో. మిగతా రోజుల్లో కదపకూడదు. వెనక తలుపుకి తాళం వేసి, తాళంచెవి పళ్ళ డాక్టరు పట్టుకుపోయాడు. చేతి చెమట తగిలితే చెక్క పాడవుతుందట. ఆ చెక్క తాగినదంతా మా ఆయన చెమటే అని వాళ్ళకేం తెలుసు. రంపపు పొట్టు పడకూడదని ఆయన బల్లని కూడా షెడ్డులోంచి తీయించేశారు. ఆయన ఎండలో, వసారా అంచున నిలబడి పనిచేసుకుంటున్నాడు, ఆయన కట్టిన బండి నీడలో ఉంది.

"వెళ్ళి చెప్పెయ్" అన్నాను ఒకరోజు.

"చెబితే విరగ్గొడతారే."

"చెప్పకపోతే ఉండి ఏం లాభం? నేనిక్కడ, అదక్కడ. ఇద్దరం నిలబడే ఉన్నాం."

ఆయన చిత్రిక పట్టడం ఆపాడు, మళ్ళీ మొదలుపెట్టాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. దేంట్లో దూకాలో తెలియక మధ్యలో నిలబడ్డాం. నాకు ఎంత కోపమొచ్చిందంటే, ఆ రోజు ఆయనకి కంచం పెట్టలేదు. తరువాత పెట్టాను. ఆయన మీద కాదు కదా నా కోపం.

ఊరేగింపు దగ్గరపడుతుంటే వాళ్ళకో చిక్కొచ్చింది. బండిలో పెద్దమనిషి నిలబడాలి కదా, ఎవరు నిలబడతారు? ఒక ఆదివారం అందరూ వచ్చి ఒకరి తరువాత ఒకరు ఎక్కి చూశారు. పళ్ళ డాక్టరు తల పైకప్పుకి తగిలింది. లాయరుకి బెల్టు తొడల మీదికి వచ్చింది. సంఘం పెద్ద పొట్టకి బెల్టే అందలేదు. "ఆ పెద్దమనిషి పొట్టివాడన్నమాట" అని తేల్చారు. అప్పుడు కెమెరా ఆవిడ కిటికీలో నన్ను చూసింది.

"అమ్మా, మీరొకసారి వచ్చి నిలబడతారా? మీ ఎత్తు సరిపోయేలా ఉంది."

పెరట్లోకి దిగాను. పలక ఎక్కాను. వెనక్కి వాలాను. బల్లలో భుజానికని తొలిచిన గుంటలో భుజం, నడుము దగ్గర బెల్టు, కళ్ళ ఎదురుగా కిటికీ. సుద్దగీత గీసి కోసింది కదా, సరిపోక ఏమవుతుంది? ఒక్క వెంట్రుకవాసి తేడా లేదు. ఇప్పటికైనా తెలుస్తుందనుకున్నాను. కళ్ళున్నవాళ్ళు కదా.

"చూశారా," అన్నాడు పళ్ళ డాక్టరు ఆనందంగా, "నేనన్నానా? అప్పటి మనుషులు సరిగ్గా ఈ ఎత్తే ఉండేవారు."

కెమెరా ఆవిడ ఫోటోలు తీసింది. చెయ్యి ఎలా ఊపాలో సంఘం పెద్ద నేర్పించాడు. మా ఆయన నేల చూస్తూ నిలబడ్డాడు. నేను దిగబోతూ, ఊరేగింపు ఏ దారిన వెళుతుందని అడిగాను. చెప్పారు. అక్కావాళ్ళ సందు మొగ మీదుగానే. వస్తానన్నాను.

ఆ రోజుకని మా ఆయన ఒక ఉపాయం వేశాడు. ఆయన బుర్రలోంచి అంత దొంగ ఉపాయం వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. సరిగ్గా సందు మొగలో పెట్రోలు కట్టేస్తాడు. ఇంజను ఆగిపోతుంది. మిగతా కార్లు పక్కనుంచి వెళ్ళిపోతాయి. ఆయన ముందు మూత తెరిచి ఏదో వెతుకుతున్నట్టు నిలబడతాడు. ఈలోగా నేను వెనకనుంచి దిగి సందులోకి వెళతాను. అక్కావాళ్ళది దగ్గరే. బావని చూసి, అక్క చేతి నీళ్ళు తాగి వచ్చేస్తాను. అక్కకి ఫోన్ చేసి చెబితే, "నిజమా, నిజంగా వస్తావా, ఇంట్లోకి వస్తావా" అని చిన్నపిల్లలా అడిగిందే అడిగింది.

ఊరేగింపు రోజు బండెక్కి బెల్టు పెట్టుకున్నాక, పళ్ళ డాక్టరు వెనక తలుపు మూసి తాళం వేశాడు. దారిలో తెరుచుకుంటే ప్రమాదమట. తాళంచెవి జేబులో వేసుకుని, వెళ్ళి ముందు మా ఆయన పక్కన కూర్చున్నాడు, సంఘం తరఫున. మా ఆయన జరుపుడు కిటికీలోంచి నా వంక చూశాడు. పరవాలేదన్నట్టు తల ఊపాను. బండి ఆగాక అడిగితే ఇవ్వడా ఏమిటి, అనుకున్నాను.

రోడ్డుకి రెండు పక్కలా జనం. వాళ్ళు నేర్పినట్టే చెయ్యి ఊపాను. నిజంగానే కొందరు దండాలు పెట్టారు. నాకు అవేమీ పట్టలేదు, కళ్ళన్నీ ముందుకే. మందుల కొట్టు వచ్చింది, అక్క నోట రోజూ వినే కొట్టు. దాని పక్కన సందు. సందు మొగలో అక్క. తల దువ్వుకుని, చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని చూస్తోంది. ఎంత ముసలిదయిపోయిందో. ఫోన్లో గొంతు ముసలి కాలేదు, అందుకని నాకు తెలియలేదు.

ఇంజను దగ్గింది, ఆగింది. బండి అక్క ఎదురుగా నిలబడింది. మా ఆయన లెక్క తప్పలేదు.

లెక్కలో లేనిది ఒకటే. పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్ళకి ఆగిపోయిన కారు కనపడితే అంతకన్నా ఆనందం ఇంకోటి లేదు. పళ్ళ డాక్టరు కేక వేసి కిందికి దూకాడు. వెనక కార్లలోంచి లాయరు, సంఘం పెద్ద, పేరు తెలియనివాళ్ళు ఇంకా ఎందరో పరిగెత్తుకొచ్చారు. టోపీలు తీశారు, చొక్కా చేతులు పైకి మడిచారు. "తొయ్యండి, హా" అని అందరూ వెనక చేతులు వేశారు. మా ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, "వద్దు, ఆగండి, నేను చూస్తాను" అంటున్నాడు. బండి కదిలింది. కదిలే బండి స్టీరింగు వదిలి దిగలేడు. బ్రేకు తొక్కితే వెనక తోసేవాళ్ళ మొహాలు పగులుతాయి. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం.

అక్క బండి పక్కన నడవడం మొదలుపెట్టింది. చెయ్యి పైకి చాపింది. నేను వంగలేను కదా. చెయ్యి ఎంత దించినా దాని వేళ్ళు నా వేళ్ళకి కొసలే తగిలాయి.

"ఏమే, అంత ఎత్తున ఉన్నావేంటే" అంది.

"అక్కా, చిక్కిపోయావు."

"బావని దిండ్లు పెట్టి కూర్చోబెట్టాను. నువ్వొస్తున్నావని పొద్దున్నే గడ్డం గీయించుకున్నారు. ఆపమనవే."

"ఆపాడక్కా. వీళ్ళు తోస్తున్నారు."

అక్క వెనక్కి తిరిగి, "బాబూ, ఆగండి బాబూ, అది నా చెల్లెలు" అంది. తోస్తున్న సంఘం పెద్ద, "అందరికీ చెల్లెలేనమ్మా, జరగండి, చక్రం కింద పడతారు" అన్నాడు నవ్వుతూ. ఎవరో, "మీరూ ఒక చెయ్యి వెయ్యండి" అన్నారు. చుట్టూ చప్పట్లు.

అప్పుడు మా ఆయన అరిచాడు. ఆ గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. "డాక్టరుగారూ, తాళం తియ్యండి. ఆవిడ మా వదినగారు. ఈ బండి నేను కట్టాను. మా ఆవిడ కూర్చోలేదు, దాని కోసం నేనే కట్టాను. విరగ్గొట్టుకుంటే విరగ్గొట్టుకోండి, తాళం తియ్యండి."

బండి పోతే పోనీ అనుకున్నాడు. నేనూ అనుకున్నాను. ఆ క్షణంలో నాకు ఆయన మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను.

"అవునవును మేస్త్రిగారూ, మీరే కట్టారు," అన్నాడు పళ్ళ డాక్టరు రొప్పుతూ, "ఇలాంటి బండి నడిపితే నాకూ నేనే కట్టాననిపిస్తుంది. స్టీరింగు చూసుకోండి." అందరూ నవ్వారు. ఇంకాస్త హుషారుగా తోశారు.

నేను తలుపు వైపు చెయ్యి చాపి గుద్దాను. చెక్కమేకులతో బిగించిన టేకు, మా ఆయన చేతి పని, చలించలేదు. అక్క ఇంక బండితో నడవలేకపోయింది. దాని వేళ్ళు జారాయి. మందుల కొట్టు ముందు మెట్టు మీద కూలబడింది. బెల్టు కట్టి ఉంది, ఒళ్ళు తిప్పి వెనక్కి చూడలేను. కిటికీలోంచి కనపడినంతే చూశాను, తరువాత గోడలొచ్చాయి.

ఆ సాయంత్రం మా బండికి కప్పు ఇచ్చారు. అన్నిటికన్నా అచ్చమైన పాత బండి అని. మా ఆయన ఆ కప్పు ఇంటికి తెచ్చి ఎక్కడ పెట్టాలో తెలియక నేల మీద పెట్టాడు. నన్ను నా వాలుబల్ల మీదికి చేర్చి బెల్టు పెట్టాడు. ఫోన్ మోగింది.

"బావ అడుగుతున్నారే," అంది అక్క. "సందు మొగ దాకా వచ్చి ఇంట్లోకి రాలేదేం, నా మీద కోపమా అని. చెబితే బుర్రకెక్కడం లేదు. దిండ్లు తియ్యనివ్వడం లేదు. అది వస్తుంది, నేను కూర్చునే ఉంటానంటున్నారు. పొద్దున్నుంచీ కూర్చుని నడుం పడిపోయింది ఆయనకి. ఏం చెప్పమంటావే?"

"ఫోన్ ఆయనకియ్యి" అన్నాను.

బావ ఊపిరి వినపడింది. నేను మా ఆయన వంక చూశాను, ఆయన మొహం తిప్పుకున్నాడు.

"బావా, నేనే," అన్నాను. "వస్తున్నాను. దారిలో ఉన్నాను. నేనొచ్చేదాకా మీరు కాసేపు నడుం వాల్చండి."